లాటుసాహెబు తలపాగా

"నీ నోటితో ఒక్క మాట. అంతే గదన్నా నేను అడుగుతాండేది!"

నన్నే సాహెబు ఆ మాట అన్నది అన్నతో. చూసింది మాత్రం బీరువా మీది మూట వైపు.

ఊరి నుంచి వచ్చిన రోజు దాన్ని అక్కడ పెట్టాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ దాన్ని తాకలేదు. రోజూ దుమ్ము దులిపే వదిన జమీలాబీ కూడా మూట చుట్టూ తుడిచి, మూట కింద మాత్రం వదిలేస్తోంది. తెల్లగుడ్డలో చుట్టిన పచ్చ తలపాగా అది. గుట్ట మస్తానయ్య దర్గాలో తలుపు తీసి, దీపం పెట్టి, ఫాతెహా చదివే ముజావరు తల మీద ఉండవలసినది. పోయిన ఉరుసు దాకా వీళ్ల తండ్రి తల మీద ఉండింది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఏడాది నిండిన రోజు చదివే ఫాతెహా లోపల అది ఇంకో తలకెక్కాలి. తండ్రి తర్వాత పెద్దకొడుక్కి, ఆ పెద్దకొడుకు తర్వాత వాడి పెద్దకొడుక్కి, అదీ వరస.

పెద్దకొడుకు ఖాదర్ హుస్సేను షార్జాలో, రోలా సందులో గుడ్డల అంగడి పెట్టుకున్నాడు. ఒక్క తల ఉన్నవాడు రెండు టోపీలు కొనకూడదనేది అతని లెక్క. అంగడి ఇక్కడ, గుట్ట అక్కడ. పనికిరాని సరుకును అటక మీద దాచుకోవడం కంటే కావలసినవాడికి ఇచ్చేసి చేతులు దులుపుకోవడం మేలు. తీసుకునేవాడు సొంత తమ్ముడైతే బేరమే లేదు.

"శుక్రవారం నమాజు అయినాక రహమతుల్లా భాయిని అన్నానికి పిలిచినా. ఆయన ముందర చెప్తా. ఇంగ ఏంది నీ తొందర?" అన్నాడు ఖాదర్ హుస్సేను, రొట్టె తుంచుతూ.

"ఏమని చెప్తావు?"

"నీకు ఇచ్చేసినా అని."

"నాకు, నా పిల్లోల్లకు అని చెప్పన్నా. ఆ మాట లేకపోతే రేపు ఊర్లో నన్ను నిలదీస్తారు. మునసబులను, కరణాలను గవర్నమెంటు ఒక్క పూటలో పీకేసింది. మన ఊర్లో తాతల నాటిది మిగిలింది ఆ గుట్టొక్కటే. దానికైనా ఒక దారీ తెన్నూ ఉండల్ల గదా!"

"సరేలేప్పా. నీకు, నీ పిల్లోల్లకు. చాలునా?"

"చాలదు."

ఆ మాట అన్నది నన్నే సాహెబు కాదు. వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడిన షావలి.

ఖాదర్ హుస్సేను పెద్దకొడుకు వాడు. మీసం వచ్చేదాకా జేజినాయన దగ్గరే, ఆ గుట్ట మీదే పెరిగాడు. అంగడికి పనికొస్తాడని తండ్రి ఇక్కడికి తెప్పించుకున్నాడు. గజంబద్ద చేతికిస్తే వంకరగా కొలుస్తాడు. గిరాకీ నవ్వుతూ బేరమాడితే తానూ నవ్వుతూ ఒప్పుకుంటాడు. అరవనివాడు, ఎదురు చెప్పనివాడు. అట్లాంటివాడి నోట్లోంచి ఆ మాట వచ్చేసరికి రొట్టె తుంచే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏంరా చాలనిది?"

"నాయనా, నీకు అక్కర్లేకుంటే నీది ఇచ్చుకో. నాది యాడిస్తావు? నీ తర్వాత అది నాది గదా. నన్నడిగినావా?"

"ఓహో!" ఖాదర్ హుస్సేను చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "నిన్నడగల్లనా! పెద్ద లాటుసాహెబువు దొరికినావు మా ఇంట్లో! నాలుగు గజాల గుడ్డ సక్కంగా చింపేది రాదు గానీ తలపాగా కావల్లంట!"

షావలి గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

నన్నే సాహెబు అన్న మొహం చూడలేదు. వదిన మొహం చూశాడు. ఆమె కొడుకు వదిలిన గ్లాసు తీసుకుని, అందులో మిగిలిన టీని చాలాసేపు చూసి, పారబోసింది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడితే ఖాదర్ హుస్సేనుకు జవాబుండేది. మాట్లాడకపోతేనే ఏం చెయ్యాలో తోచదు.

*

కోపంతో అంగడి తెరిచిన రోజు మొదటి గిరాకీ మీదే నష్టం వస్తుందని అతనికి తెలుసు. అందుకే ఆ పొద్దున మొదటగా డెనిస్ దొర లోపలికి రావడం చూసి, బలవంతాన నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు.

డెనిస్ షార్జా రేవులో ఇంజనీరు. ఎండకు మెడ ఎర్రగా కాలిన పొడుగుమనిషి. మన కూలీలతో పనిచేసి చేసి హిందీ పట్టుబడింది. కిటికీ తెరలకైనా చొక్కాలకైనా ఇదే అంగడికి వస్తాడు. బేరమాడడు. అందుకని ఖాదర్ హుస్సేను అతనికి ఎప్పుడూ సరైన ధరే చెబుతాడు. బేరమాడనివాణ్ణి మోసం చేస్తే రెండోసారి రాడు.

"సేఠ్, నల్ల సూటు గుడ్డ కావాలి."

"ఈ ఎండలో నల్ల సూటా సాబ్?"

"ఇక్కడికి కాదు. లండన్ పోవాలి." దొర ఎత్తుపీట మీద కూర్చుని టోపీ తీశాడు. "ముందు ఒకటి చెప్పు. లాట్ సాబ్ అంటే ఎవరు? రేవులో మా వాళ్లు ఈ మధ్య నన్ను చాటుగా అట్లా పిలుస్తున్నారు."

పొద్దున తాను కొడుకును తిట్టిన తిట్టు దొర నోట వినేసరికి ఖాదర్ హుస్సేను బల్ల మీది గజంబద్దను ఊరికే అటు నుంచి ఇటు జరిపాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు. దొర కళ్లు చూసి మానుకున్నాడు.

"కాళ్లు చాపుకుని, పని ముట్టుకోకుండా హుకుం చేసేవాణ్ణి అట్లా అంటారు సాబ్. మీ లార్డు అనే మాటే మా నోళ్లలో అరిగి లాటు అయింది."

డెనిస్ దొర ఒక్కసారిగా నవ్వాడు. అద్దాల బీరువా అదిరేట్టు నవ్వాడు. నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే సరిగానే కనిపెట్టారు. నేను నిజంగానే లాట్ సాబ్‌ని. పోయిన చలికాలంలో మా నాన్న పోయాడు. ఆయన లార్డు. ఇప్పుడు నేను."

చేతిలోని నల్లగుడ్డ తానును ఖాదర్ హుస్సేను బల్ల మీద పెట్టేశాడు. ఇన్నేళ్లుగా ఒక లాటుసాహెబుకు కిటికీ తెరలు కొలిచి ఇస్తున్నానా అనుకున్నాడు.

"అంటే సాబ్, మీ లండన్‌లో పెద్దల సభ ఉంటుందని విన్నాను. దాంట్లో..."

"అవును. దాంట్లో నాకొక చోటుంది. ఓటు లేదు, పరీక్ష లేదు. నాన్న పోతే పెద్దకొడుక్కి బిరుదు వస్తుంది. బిరుదుతో పాటే ఆ సభలో కూర్చునే హక్కు."

"ఊరికే పోయి కూర్చోవచ్చా?"

"ఊరికే కాదు. నేను ఆయన కొడుకునని రుజువు చూపాలి. మా అమ్మానాన్నల పెళ్లి కాగితం, నేను పుట్టిన కాగితం, ఆయన పోయిన కాగితం, అన్నీ పంపాలి. వాళ్లు చూసి సరే అనుకుంటే రాణి పేరు మీద పిలుపు వస్తుంది. ఆ పిలుపు పట్టుకుని ఒకరోజు పోవాలి. ప్రమాణం చెయ్యాలి, సంతకం పెట్టాలి, సభ పెద్దతో చెయ్యి కలపాలి. అంతే."

"మేళతాళాలు లేవా? ఎర్ర అంగీలేవో వేస్తారట గదా!"

"అవి కొత్తగా లార్డు అయినవాళ్లకు. వాళ్లను ఇటొకరు అటొకరు పట్టుకుని, అంగీలు వేసి, వంగి వంగి లోపలికి తీసుకొస్తారు. తండ్రి నుంచి వచ్చినవాడికి అదేమీ లేదు."

ఖాదర్ హుస్సేను తల ఊపాడు. ఆ పద్ధతి అతనికి నచ్చింది. కొత్త సరుకును గాజుపెట్టెలో దీపం కింద పెడతాం. ఎప్పటి నుంచో ఉన్న సరుకు దాని చోటు అదే చూసుకుంటుంది.

"అయితే ప్రమాణానికే ఈ సూటు?"

దొర టోపీ అంచు వేలితో తుడిచాడు. వీధిలో టాక్సీవాడు ఎవరినో తిడుతున్నాడు.

"లేదు సేఠ్. వదులుకోవడానికి. నాకా సభ వద్దు. నాకు రేవు చాలు. ఏడాది లోపల వద్దని రాసిస్తే వదులుకోవచ్చని ఇరవై ఏళ్ల కిందట ఒక చట్టం వచ్చింది. ఏడాది దాటితే కుదరదు. ఒకసారి వదిలితే మళ్లీ నాకు రాదు."

"చింపిన గుడ్డ తానులో కలవదు," అన్నాడు ఖాదర్ హుస్సేను. తర్వాత నెమ్మదిగా, తన ఇంటి సంగతి అడుగుతున్నట్టు కనపడకుండా అడిగాడు. "మరి మీ కొడుకు సంగతి? మీరు వదిలేస్తే వానికీ పోయినట్టే గదా?"

"పోదు. నేను వదిలేది నాది మాత్రమే. నేనున్నంత కాలం ఆ బిరుదు నిద్రపోతుంది. నేను పోయిన రోజు లేచి నా కొడుకు దగ్గరికి పోతుంది. వాడికి ఇరవై ఒకటి నిండి ఉంటే పోయి సభలో కూర్చుంటాడు. వద్దనుకుంటే వాడూ వదులుకుంటాడు. అది వాడిష్టం. వాడిది నేనెట్లా ఇచ్చేస్తాను?"

ఖాదర్ హుస్సేను బల్ల అంచు పట్టుకున్నాడు. పొద్దున షావలి అన్నదీ ఇదే మాట. రొట్టె ముందు కొడుకు అంటే పొగరుగా వినిపించిన మాట, ఇప్పుడు ఒక దేశపు చట్టంగా వినిపిస్తోంది. వదులుకోవడం వేరు, ఇచ్చేయడం వేరు. పాతికేళ్లుగా ఇచ్చి పుచ్చుకునే పని చేస్తున్నవాడికి ఆ రెండు మాటల మధ్య ఇంత దూరం ఉందని తెలియకపోయె!

నల్లగుడ్డ కొలిచి, కత్తిరించి, మడత పెడుతూ, మర్యాదకు ఇంకొక మాట అడిగాడు.

"తమ్ముళ్లున్నారా సాబ్ మీకు?"

"ఒకడు. ఇల్లూ పొలమూ గొర్రెలూ అన్నీ వాడే చూస్తాడు. మా నాన్నను చివరిదాకా చూసింది కూడా వాడే."

"మరి వారికేం వస్తుంది?"

దొర పొట్లం అందుకున్నాడు. "వాడి పేరు ఆ చట్టంలో లేదు సేఠ్. నేనూ ఎప్పుడూ అడగలేదు," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ చివరి మాట ఖాదర్ హుస్సేను చెవిన పడింది గానీ మనసుకు పట్టలేదు. బేరంలో తనకు పనికొచ్చే ముక్క దొరికాక మిగతాది వినకపోవడం మంచి వ్యాపారి గుణం కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ పూట గుర్తుకు రాలేదు, అంతే.

*

శుక్రవారం జమీలాబీ బిర్యానీ వండింది. రహమతుల్లా తృప్తిగా తిన్నాడు. నెల్లూరు మనిషి. రోలా చుట్టుపక్కల తెలుగు ముసల్మానుల ఇళ్లలో పెళ్లి మాటలైనా అన్నదమ్ముల గొడవలైనా ఆయన ముందే తెగుతాయి.

తిన్న పళ్లేలు తీశాక నన్నే సాహెబు మూటను బీరువా మీది నుంచి దించాడు. అన్నానికి పరిచిన దస్తరఖాను గుడ్డ మధ్యలో పెట్టాడు. తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. పెళ్లికొడుకులా ఉన్నాడని రహమతుల్లా వేళాకోళం చేస్తే సిగ్గుపడి నవ్వాడు కూడా. షావలి తలుపు పక్కన గోడకానుకుని కూర్చున్నాడు.

"కానీ ఖాదర్ భాయ్," అన్నాడు రహమతుల్లా. "మంచి పని ఆలస్యం చెయ్యకూడదు."

ఖాదర్ హుస్సేను గొంతు సవరించుకున్నాడు.

"గుట్ట మస్తానయ్య ముజావరుగిరీ నాకు వద్దు. నేను వదులుకున్నా. మీరు సాక్షి."

"శభాష్."

"నా వరకే వదులుకున్నా. నేను బతికుండే వరకు నా తమ్ముడే చూసుకుంటాడు. నా తర్వాత షావలిది."

నవ్వు నన్నే సాహెబు మొహం మీదే ఉండిపోయింది, దించడం మరిచిపోయినట్టు.

"అదేందన్నా? ఇచ్చేసినా అంటానంటివే?"

"వదులుకునేదే నా చేతిలో ఉండాది, తమ్ముడా. వాంది నేనెట్లిస్తా? లండన్‌లో లాటుసాహెబులకే అట్లాంటి కానూను ఉండాది. తండ్రి వద్దన్నా కొడుకు హక్కు యాడికీ పోదు. మనం వాండ్లకంటే పెద్దోల్లమా?"

రహమతుల్లా గడ్డం గోక్కున్నాడు. "ఇదేం చోద్యం భాయ్! మస్తానయ్యకూ లండన్‌కూ ఏం సంబంధం? ఆ లాటుసాహెబులేమన్నా మన గుట్టకు వచ్చి గోరీ మీద చాదర్ కప్పుతారా?"

"న్యాయం యాడిదైనా న్యాయమే గదా భాయ్."

గోడ పక్కన షావలి తల పైకెత్తి తండ్రిని చూశాడు. పుట్టి ఇన్నేళ్లలో తండ్రి తన పక్షాన ఒక మాట అనడం వాడు వినలేదు. ఆ చూపు ఖాదర్ హుస్సేనుకు చల్లగా తగిలింది. ఈ పూట లాభం తప్ప నష్టం లేదనుకున్నాడు. తనకు బరువు దిగింది, తమ్ముడికి దర్గా దొరికింది, కొడుక్కి హక్కు మిగిలింది. ఒక్క తాను నుంచి మూడు చొక్కాలు.

నన్నే సాహెబు మూట ముడి సర్దుతూ అడిగాడు.

"ఆ లాటుసాహెబుకు తమ్ముడుండాడా అన్నా?"

లేడు అంటే సరిపోయేది. ఖాదర్ హుస్సేను నాలుక తిరగలేదు.

"ఉండాడు."

"ఏం చేస్తాడు?"

"ఇల్లూ పొలమూ చూసుకుంటాడంట. తండ్రిని... తండ్రిని కూడా ఆయనే చూసుకున్నాడంట."

"వానికేమిచ్చినారు?"

ఖాదర్ హుస్సేను దస్తరఖాను మీది మెతుకొకటి ఏరి పక్కన పెట్టాడు.

"తెలిసిందిలే," అన్నాడు నన్నే సాహెబు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "నువ్వు ఈడికొచ్చి అంగడి పెట్టుకున్యావు. తప్పనడంలే. నాయన కండ్లు పోయినాక ఆయన చెయ్యి పట్టుకుని గుట్టెక్కించింది ఎవరు? వానొస్తే దర్గా కప్పు కారతాంటే తలమీద గోనెపట్టా వేసుకుని దీపానికి అడ్డం కూర్చున్యోడు ఎవరు? ఉరుసు గంధం నా నెత్తిన మోసి, తలపాగా మాత్రం నాయన నెత్తిన పెట్టినా. నాది గాదని నాకు తెలుసు కాబట్టి. నువ్వు ఇస్తావనుకున్యా. ఇప్పుడు నన్ను కావలి ఉండమంటాండావు. షావలి వచ్చేదాక కావలి. నా తర్వాత నా పిల్లోడు షావలి కొడుక్కి కావలి."

"అట్లా అనొద్దు చిన్నాయనా," అన్నాడు షావలి.

"నిన్నేమీ అనలేదు నాయనా. నీ మాటలో తప్పు లేదు. తప్పు లేని మాటలే రెండు ఎదురుపడినాయి."

మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పాడు. బొటనవేలంత లావు, అరిగి నున్నబడిన పాత ఇనప తాళంచెవి. తలపాగా మూట పక్కన పెట్టాడు.

"ఉరుసు దగ్గర పడింది. తలుపు ఎవరు తీస్తారో మీరే చూసుకోండి. నా వీసా అయ్యేలోపు నాకు పూచీ ఉండే కఫీలును ఒకణ్ణి చూడన్నా. నీ అంగట్లో బేళ్లు మోస్తా. ఊరికి పోను."

"నన్నే! పిచ్చిమాటలు మాట్లాడాకు!" రహమతుల్లా చెయ్యి పట్టుకోబోయాడు. నన్నే సాహెబు విడిపించుకుని లేచాడు.

ఖాదర్ హుస్సేను తాళంచెవి వైపు చూస్తూ ఉండిపోయాడు. తీసుకోమని తమ్ముడితో అనలేడు, అంటే ఏ హక్కుతో తీసుకోవాలో చెప్పాలి. తాను తీసుకోలేడు. వదులుకున్నానని సాక్షి ముందు చెప్పి ఇంకా నోరు ఆరలేదు. దొర చివరి మాట ఇప్పుడు వినిపించింది, మళ్లీ పక్కన నిలబడి చెప్పినట్టు. వాడి పేరు ఆ చట్టంలో లేదు సేఠ్.

షావలి మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. చెయ్యి చాచాడు. వేళ్లు తాళంచెవిని తాకాయో లేదో, ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

జమీలాబీ ఎప్పుడు వచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు.

"నిన్ను అడగలేదని గదరా నీకు కోపమొచ్చింది?" అంది కొడుకుతో. "మరి నువ్వు అడిగినావా?"

"ఎవర్ని మా?"

ఆమె తలుపు వైపు చూసింది. అందరూ అటు తిరిగారు. గుమ్మం దగ్గర నన్నే సాహెబు చెప్పులు లేవు. మెట్ల మీద వాటి చప్పుడు కిందికి, ఇంకా కిందికి పోతోంది. ఈ ఊర్లో అతనికి ఈ ఇల్లు తప్ప ఇంకో గడప తెలియదు.

షావలి లేచాడు. ఒక అడుగు గుమ్మం వైపు వేశాడు. వెనక్కి తిరిగి తండ్రిని చూశాడు, మూటను చూశాడు.

తల్లి చెయ్యి ఇంకా తాళంచెవి మీదే ఉంది.